పంటితో తీసిన ముల్లు

2022 డిసెంబర్ 9న హైటెక్ సిటీ పక్కనే ఉన్న మైండ్‌స్పేస్ జంక్షన్‌లో ముఖ్యమంత్రి కేసీఆర్ ఎయిర్‌పోర్ట్ మెట్రోకు శంకుస్థాపన చేశారు. రాయదుర్గం నుంచి శంషాబాద్ దాకా 31 కిలోమీటర్లు, ఖర్చు 6,250 కోట్లు అన్నారు. అదే రోజు మధ్యాహ్నం, మంచి ముహూర్తం చూసుకుని, బంజారాహిల్స్ తెలంగాణ భవన్‌లో ఇంకో పని కూడా కానిచ్చారు. టీఆర్ఎస్ అన్న పార్టీ పేరులోంచి ‘తెలంగాణ’ను తీసి ‘భారత్’ను కూర్చోబెట్టి, బీఆర్ఎస్ చేశారు. జెండాలో గులాబీ రంగును ముట్టుకోలేదు. నడిమధ్యనున్న తెలంగాణ పటాన్ని మాత్రం చెరిపి, దేశపటం అచ్చేశారు. సరిగ్గా పదమూడేళ్ల కిందట అదే డిసెంబర్ 9న అప్పటి కేంద్ర హోంమంత్రి చిదంబరం ఢిల్లీలో తెలంగాణ ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. ఆ తేదీ కోసం ఉస్మానియాలో లాఠీ దెబ్బలు తిన్న కుర్రాడు ఆ మధ్యాహ్నం టీవీ ముందు కూర్చుని ఏమనుకున్నాడో ఎవరూ అడగలేదు. అడిగే పనేముంది, వాడు మనోడే కదా, ఎక్కడికి పోతాడు!

ఏడాది తిరిగేసరికి వాడు పోయాడు. ప్రభుత్వమూ పోయింది. కొత్త సర్కారు ఆ మెట్రో మార్గాన్నీ పక్కన పడేసింది. రాయదుర్గం రైలు శంషాబాద్ చేరలేదు, గులాబీ కారు ఢిల్లీ చేరలేదు.

ఇది ఒక ప్రాంతీయ పార్టీ ఊరినీ వదులుకోలేక, నగరాన్నీ వదులుకోలేక పడిన అవస్థ అని విశ్లేషకులు గంభీరంగా రాస్తారు. అంత గౌరవం అక్కర్లేదు. అవస్థపడేవాడికి రెండు వైపులా ప్రేమ ఉండాలి. ఇక్కడ జరిగింది వేరు. ఊళ్లో ఒక మాట, కొండాపూర్‌లో ఒక మాట. ఈ రెండు మాటలు ఎన్నడూ ఎదురుపడవన్న ధీమా. వాట్సాప్ వచ్చిన కాలంలో అంత ధీమా ఎలా వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

కథ మొదటి నుంచీ చెప్పుకుంటేనే రుచి. 2001 ఏప్రిల్ 27న పార్టీ పుట్టింది. పుట్టించిన నాయకుడు అప్పటి దాకా చంద్రబాబు పార్టీలో, డిప్యూటీ స్పీకర్ కుర్చీలో ఉన్నారు. ఉద్యమం ఊళ్లలో పెరిగింది గానీ నగరంలో పార్టీగా నిలబడలేదు. 2009 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో టీఆర్ఎస్ అసలు పోటీయే చేయలేదు. 2014లో రాష్ట్రం వచ్చిన ఊపులో 119లో 63 సీట్లు గెలిచినా, గ్రేటర్ పరిధిలో దక్కినవి సికింద్రాబాద్, మల్కాజ్‌గిరి, పటాన్‌చెరు, అంతే. శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి, జూబ్లీహిల్స్ మూడూ తెలుగుదేశానికి పోయాయి. కంప్యూటర్లు తెచ్చినవాడికే మా ఓటని సైబర్ టవర్స్ నీడలో బతికే ఓటరు తేల్చేశాడు.

మరి కొత్త సర్కారు ఏం చేసింది? గద్దెనెక్కిన నెలలోనే మాదాపూర్ అయ్యప్ప సొసైటీకి జేసీబీలు పంపింది. గురుకుల్ ట్రస్టు భూముల్లో అక్రమ కట్టడాలు కూలుస్తామన్నారు. నిజానికి అక్రమాలు ఉన్నాయి. కానీ ఆ గల్లీల్లో హాస్టళ్లు ఎవరివో, ఫ్లాట్లు ఎవరివో అందరికీ తెలుసు గనక, ఊళ్లో చప్పట్లు పడ్డాయి. ఆ వెంటనే ఫీజుల పథకం. 1956కు ముందు నుంచి తాతముత్తాతలు ఇక్కడ ఉన్నట్టు చూపిస్తేనే పిల్లాడికి ఫీజు కడతామన్నారు. కోర్టు మొట్టికాయలు వేశాక ఆ పథకాన్ని వెనక్కి తీసుకున్నారు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే చేస్తే, నిజాంపేట అపార్ట్‌మెంట్లలో జనం ఇదేదో తమను ఏరివేయడానికే అనుకుని రేషన్ కార్డులు, కరెంటు బిల్లులు దొంతరలు పెట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నారు.

ఇంతలో గ్రేటర్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. చూడండి మహిమ! జేసీబీలు నిద్రపోయాయి. 2015 నవంబర్‌లో అక్రమ అంతస్తులకు జరిమానా కట్టించుకుని ముద్ర వేసే బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్ వచ్చింది. తెలంగాణలో మొదటి బీఆర్ఎస్ అదే, పార్టీ రెండోది. మొదటిది అక్రమ మేడలకు మెత్తబడితే, రెండోది మేడల యజమానులకు మెత్తబడింది. అప్పుడే కేసీఆర్ నోట ఆ మాట వచ్చింది. ఇక్కడ స్థిరపడ్డవారి కాలికి ముల్లు గుచ్చుకుంటే పంటితో తీస్తానన్నారు. ఎంత చక్కటి మాట! తెలుగులో ఇంతకన్నా ఆప్యాయమైన వాగ్దానం దొరకదు. ఆ ముల్లు ఎవరు వేశారన్న ప్రశ్న ఆ వేడిలో ఎవరికీ తట్టలేదు.

2016 ఫిబ్రవరిలో గ్రేటర్‌లోని 150 డివిజన్లలో 99 టీఆర్ఎస్ ఖాతాలో పడ్డాయి. తెలుగుదేశానికి ఒకే ఒక్కటి మిగిలింది. ఓటరు మనసు గెలవడానికి ఐదేళ్లు ఆగడమెందుకని, ఆ ఓటరు గెలిపించిన ఎమ్మెల్యేలనే తెచ్చుకున్నారు. శేరిలింగంపల్లి గాంధీ, కూకట్‌పల్లి కృష్ణారావు, జూబ్లీహిల్స్ గోపీనాథ్ సైకిల్ దిగి కారెక్కారు. పునరేకీకరణ అని దానికి పేరు పెట్టారు. 2019లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు పన్నెండు మందిని కలుపుకున్నప్పుడు అది విలీనం. 2024లో తమ ఎమ్మెల్యేలు పది మంది కాంగ్రెస్ గడప తొక్కితే మాత్రం అది ఫిరాయింపు, రాజ్యాంగానికి మాయని మచ్చ. ఇదొక్కటి చెప్పి ముందుకు పోదాం, లేకపోతే ఈ వ్యాసమంతా దీనికే సరిపోతుంది.

ఐటీ కారిడార్ మెరిసింది, కాదనను. 2015లో గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో రతన్ టాటా చేతుల మీదుగా టీ-హబ్ మొదలైంది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది. 2022లో రాయదుర్గంలో రెండో టీ-హబ్, శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్, ఆ మరుసటి కొత్త సంవత్సరానికి కొత్తగూడ ఫ్లైఓవర్ వచ్చాయి. సూర్యుడికి కూడా పని చెప్పి, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ బాట మీద సోలార్ పైకప్పు వేశారు. మాదాపూర్ నుంచి కొండాపూర్ వెళ్లేవాడికి రోడ్డు దొరికింది. ఊరి నుంచి మాదాపూర్‌కు సెక్యూరిటీ గార్డుగా వచ్చినవాడికి ఏం దొరికింది?

వాడు మొదటి నుంచీ మూడు మాటలు నమ్ముకున్నాడు. నీళ్లు, నిధులు, నియామకాలు. నియామకాలు అశోక్‌నగర్ కోచింగ్ గల్లీల్లో ఆగిపోయాయి. ప్రశ్నపత్రం లీకై 2023 మార్చిలో గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. మళ్లీ పెడితే సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. నీళ్లు మేడిగడ్డ దగ్గర ఆగాయి. అక్టోబర్ 21న, అసెంబ్లీ ఓటింగ్‌కు నలభై రోజులుండగా, బ్యారేజీ కుంగింది. నిధుల సంగతి కోకాపేటలో చూడాలి. 2023 ఆగస్టు 3న నియోపోలిస్ వేలంలో ఎకరా గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికి సర్కారు మురిసిపోయింది. అదే కోకాపేటలో, అదే ఏడాది, నాయకత్వ శిక్షణ కేంద్రం పెట్టుకుంటానన్న ఒక సంస్థకు 11 ఎకరాలు ఎకరా నాలుగు కోట్లలోపే ఇచ్చారు. ఆ సంస్థ పేరు భారత్ రాష్ట్ర సమితి. వ్యవహారం ప్రజాప్రయోజన వ్యాజ్యంగా హైకోర్టుకెక్కింది. ఆ శిక్షణ కేంద్రంలో ఏ పాఠం చెబుదామనుకున్నారో గానీ, మొదటి పాఠం భూమి ధర గురించే అయి ఉండాలి.

ఉద్యమకారుడికి ఇంకో చిన్న ముచ్చట కూడా గుర్తుంటుంది. రాష్ట్రం రాకముందే వాడు బండి నంబరు ప్లేటు మీద ‘ఏపీ’ చెరిపి ‘టీజీ’ అని రాసుకున్నాడు. పోలీసులు ఫైన్ వేస్తే కట్టాడు. 2014లో తన సర్కారే వచ్చి ‘టీఎస్’ ఖాయం చేసింది. ‘జయ జయహే తెలంగాణ’ పాడుతూ జైలుకు పోయినవాడు, పదేళ్లయినా అది రాష్ట్ర గీతం ఎందుకు కాలేదో తెలియక బుర్ర గోక్కున్నాడు. కోదండరామ్ సార్ జేఏసీ చైర్మన్‌గా ఉన్నప్పుడు ఉద్యమానికి ముఖం. 2017 ఫిబ్రవరిలో నిరుద్యోగుల ర్యాలీ అనగానే ఆయన్ను ఇంట్లోంచి తీసుకుపోయారు. అదే ఏడాది ఇందిరా పార్కు ధర్నా చౌక్‌ను ఎత్తేశారు. ధర్నాల మీద పుట్టిన పార్టీకి ధర్నా అంటే అంత అలర్జీ ఎందుకొచ్చిందో! చివరికి 2024లో ‘టీజీ’ని తెచ్చిందీ, ఆ పాటను రాష్ట్ర గీతం చేసిందీ కాంగ్రెస్. గులాబీ పార్టీ మరిచిపోయిన మూటను దారిలో పోయేవాడు ఎత్తుకుపోయాడు. అది పోయిందన్న సంగతి మూట హక్కుదారుకు ఎన్నికల తర్వాత గానీ తెలియలేదు.

ఇవన్నీ జరుగుతుంటే కేసీఆర్ సారుకు మాత్రం దేశం మీద బెంగ పట్టుకుంది. 2022 మేలో చండీగఢ్ వెళ్లి, రైతు ఉద్యమంలో చనిపోయిన కుటుంబాలకు మూడేసి లక్షల చెక్కులు పంచారు. మంచి పనే. మరుసటి ఫిబ్రవరిలో నాందేడ్‌లో సభ పెట్టి ‘అబ్ కీ బార్ కిసాన్ సర్కార్’ అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా బీఆర్ఎస్ శాఖ తెరిచి అధ్యక్షుణ్ణి పెట్టారు. ఇది నాకు బాగా నచ్చిన ఘట్టం. పదమూడేళ్లు ‘ఆంధ్రోళ్ల పెత్తనం’ మీద పోరాడిన పార్టీ, తన పెత్తనానికి ఆంధ్రలో కిరాయి ఇల్లు వెతుక్కుంది. ఆ రోజుల్లో నల్లగొండ వైపు ఒక పాత కార్యకర్త అన్న మాట ఇది. “ఊళ్లె ఏం జెప్పాలె సార్? పేరుల తెలంగాణ లేదు, జెండల తెలంగాణ లేదు. మా పెద్దసారు నాందేడ్‌ల ఉన్నడు. గిప్పుడు నేను ఎవల పార్టీ?”

2023 సెప్టెంబర్ వచ్చేసరికి రెండు నాలుకల వ్యవహారం కారిడార్ నడిరోడ్డు మీద బయటపడింది. చంద్రబాబు అరెస్టయి రాజమండ్రి జైలుకు వెళ్లారు. ఐటీ ఉద్యోగులు మెడలో ఐడీ కార్డులతోనే విప్రో సర్కిల్ దగ్గర గుమిగూడారు. ఆంధ్ర గొడవలు ఆంధ్రలోనే చూసుకోవాలని, ర్యాలీలు రాజమండ్రిలో చేసుకోవాలని, ఉద్యమకాలంలో కూడా ఐటీ కారిడార్‌లో ఇలాంటివి జరగలేదని కేసీఆర్ కొడుకు, మంత్రి కేటీఆర్ చెప్పారు. మాట బయటికి వచ్చింది. లెక్కలు వేసుకున్నారు. కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, కుత్బుల్లాపూర్, ఎల్బీనగర్, ఖమ్మం… వారం తిరక్కముందే ఖమ్మం లకారం చెరువు మీద ఎన్టీఆర్ విగ్రహం ఆవిష్కరిస్తూ, ఆ మహానుభావుడి పేరు తనకుండటం అదృష్టమని అదే కేటీఆర్ మురిసిపోయారు. పేరు ఉన్నది నిజమే. నాలుగు రోజుల ముందు మాత్రం గుర్తు రాలేదు. ఆ పైన తెలంగాణ తెలుగుదేశం అధ్యక్షుడు కాసాని జ్ఞానేశ్వర్‌ను కూడా పార్టీలోకి తెచ్చుకున్నారు. 2018లో ‘మళ్లీ చంద్రబాబు పెత్తనం కావాలా’ అని ఊరూరా భయపెట్టి 88 సీట్లు గెలిచిన పార్టీయే ఇది.

ఈ నాటకాన్ని దగ్గర్నుంచి చూడాలంటే ఎన్నికల ముందు ఒక ఆదివారం గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌కు పోవాలి. ఇడ్లీ, ఉప్మా, ఫిల్టర్ కాఫీ స్టాళ్లు. ముందు వరసలో అసోసియేషన్ పెద్దలు, వెనక ట్రాక్ ప్యాంట్లలో యువత. నాయకుడు దిగుతాడు. ముందు ఇంగ్లిష్‌లో జీడీపీ, తర్వాత హిందీలో నార్త్ ఇండియన్ మిత్రులకు నమస్తే, ఆ తర్వాత అచ్చం సినిమా తెలుగు. “ఇక్కడ పుట్టినా ఎక్కడ పుట్టినా మీరంతా హైదరాబాదీలే అండీ!” ఆ ‘అండీ’ వినాలి, పూతరేకులా కరిగిపోతుంది. గేటు దాటి లింగంపల్లి బస్తీలో జీపెక్కగానే అది ఊడిపోతుంది. “అన్నా, మన తెలంగాణల మనం కిరాయిదార్లం కావొద్దు!” బతుకమ్మకు ఆఫీసు లాబీలో పూలు పేర్చి ఫొటో. సంక్రాంతికి అదే క్లబ్‌హౌస్‌లో గొబ్బెమ్మల మధ్య ఇంకో ఫొటో. రెంటికీ వెంట వచ్చే పీఏ ఒక్కడే, ఏ మాట ఎక్కడ చెప్పాలో చీటీ రాసిచ్చేది వాడే. ఈ మొత్తం వ్యవహారంలో స్థిరత్వం ఉన్నది వాడికే.

2023 డిసెంబర్ 3న పెట్టెలు తెరిచారు. బీఆర్ఎస్‌కు 39. కాంగ్రెస్‌కు 64. ఇక్కడే దేవుడు పగలబడి నవ్వాడు. ఉమ్మడి నల్లగొండలో పన్నెండుకు ఒకటి, ఉమ్మడి వరంగల్‌లో పన్నెండుకు రెండు, ఖమ్మంలో పదికి ఒకటి. ఉద్యమానికి రక్తమిచ్చిన జిల్లాలు గులాబీని దులిపేశాయి. కామారెడ్డిలో కేసీఆర్ స్వయంగా ఓడిపోయారు. పార్టీని నిలబెట్టిందెవరు? గ్రేటర్ ఓటరు! శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి, జూబ్లీహిల్స్, ఉప్పల్, ఎల్బీనగర్ అన్నీ బీఆర్ఎస్‌వే. నగరంలో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ రాలేదు. ‘ఆంధ్రోళ్లు పో’ అన్న ఉద్యమం నుంచి పుట్టిన పార్టీ, ఆంధ్రోళ్లు ఉండబట్టి బతికి బట్టకట్టింది. ఇంత పెద్ద ఎకసెక్కం నేను కల్పించి రాస్తే సంపాదకులు కొట్టేసేవారు.

కానీ ఆ ప్రేమ కూడా ఆరు నెలలే. 2024 లోక్‌సభలో 17కు సున్నా. కారిడార్‌ను పంచుకునే చేవెళ్ల, మల్కాజ్‌గిరి రెండిట్లో గెలిచింది బీజేపీ. అభ్యర్థులు కొండా విశ్వేశ్వర్‌రెడ్డి, ఈటల రాజేందర్, ఇద్దరూ ఒకప్పుడు గులాబీ కండువా వేసుకున్నవారే. చేవెళ్లలో బీఆర్ఎస్ నిలబెట్టిందెవరిని? మాజీ తెలుగుదేశం అధ్యక్షుడు కాసానిని. ఆయన మూడో స్థానంలో తేలారు. మూలాల్ని వదిలి విస్తరించాలనుకుంటే, మన మనుషుల్ని ఎదుటి పార్టీకిచ్చి ఎదుటి పార్టీ మనిషిని మనం తెచ్చుకోవడం ఎంత తెలివైన బేరం!

2024 సెప్టెంబర్‌లో కొండాపూర్ విల్లాల మధ్య జరిగింది ఈ సినిమాకు క్లైమాక్స్. కాంగ్రెస్ కండువా కప్పుకున్న శేరిలింగంపల్లి ఎమ్మెల్యే గాంధీకి, ప్రతిపక్షానికి చెందాల్సిన ప్రజాపద్దుల కమిటీ (పీఏసీ) చైర్మన్ పదవి దక్కింది. నేనింకా బీఆర్ఎస్‌లోనే ఉన్నానని ఆయన వాదన. అయితే నీ ఇంటి మీద గులాబీ జెండా ఎగరేస్తా రా అని హుజూరాబాద్ ఎమ్మెల్యే కౌశిక్‌రెడ్డి సవాలు. మాటామాటా పెరిగి, గాంధీ ఆంధ్ర నుంచి బతకడానికి వచ్చినవాడనే దాకా పోయింది. పన్నెండో తేదీన గాంధీ అనుచరులతో కౌశిక్ ఇంటికే వచ్చారు. రాళ్లు పడ్డాయి, అద్దాలు పగిలాయి. తమాషా ఏమిటంటే, తెలంగాణ గౌరవం కోసం గర్జించిన కౌశిక్‌రెడ్డి 2021 దాకా కాంగ్రెస్‌లో ఉన్నారు. ‘బతకడానికి వచ్చిన’ గాంధీ అప్పటికే ఏళ్ల తరబడి గులాబీ పార్టీలో ఉన్నారు. ఆంధ్రవాళ్లందరినీ అనలేదు, ఒక్క గాంధీనే అన్నానని తర్వాత వివరణ వచ్చింది. ఊరికి వినపడాల్సింది వినపడింది, అపార్ట్‌మెంటుకు వివరణ చేరింది. పంటితో తీస్తామన్న ముల్లును పంటితోనే మళ్లీ గుచ్చే విద్య ఇది.

ఈ రోగం మనకొక్కరికే ఉందనుకోకండి. ‘లుంగీవాలాల’ మీద లేచిన శివసేన, 2019లో ఠాక్రే మనవడు ఎన్నికల్లో దిగేసరికి వర్లీలో ‘కేమ్ ఛో’ అని గుజరాతీ బోర్డులు పెట్టింది. డీఎంకే 1963లో ద్రవిడనాడు డిమాండ్‌నే వదిలేసింది, కానీ ద్రవిడ అన్న మాటను పేరులోంచి తీయలేదు. తెలుగుదేశం 2015లో తనను తాను జాతీయ పార్టీగా ప్రకటించుకుంది, ‘భారతదేశం’ అని బోర్డు మాత్రం మార్చలేదు. వాళ్లు ఇంటి పేరు ఉంచుకుని బజారుకు పోయారు. మనవాళ్లు ఇంటి పేరు అమ్మి బజారులో అంగడి పెట్టారు. తండ్రి కేసీఆర్ పార్టీని చూసి కవిత నడిపే తెలంగాణ జాగృతి కూడా భారత్ జాగృతి అయింది. గాలి మళ్లాక మళ్లీ తెలంగాణ జాగృతి అయింది. అధ్యక్షురాలు కవితను 2025 సెప్టెంబర్‌లో పార్టీ సస్పెండ్ చేస్తే ఆమె రాజీనామా చేసి, ఆ పేరుతోనే ఊళ్లు తిరిగారు. పాత పేరుకు ఇంకా విలువ ఉందని ఇంటి మనుషులకే ముందు తెలిసింది.

2025 ఏప్రిల్ 27న ఎల్కతుర్తిలో పార్టీ రజతోత్సవం జరిగింది. సభ అదిరింది. తెలంగాణకు విలన్ నంబర్ వన్ కాంగ్రెస్ అని కేసీఆర్ తేల్చారు. పేరు మాత్రం భారత్ రాష్ట్ర సమితే. ఆ నవంబర్‌లో జూబ్లీహిల్స్ ఉపఎన్నికలో దివంగత గోపీనాథ్ భార్య మీద కాంగ్రెస్ దాదాపు 25 వేల ఓట్లతో గెలిచింది. నగరం కూడా చేజారింది. ఇప్పుడు మళ్లీ తెలంగాణవాదం దుమ్ము దులుపుతున్నారు. గోదావరి, బనకచర్ల, అస్తిత్వం. విషయాలు నిజమైనవే, వాటి మీద కొట్లాడాల్సిందే. కొట్లాడేవాడి మాట మీదే ఊరికి నమ్మకం పోయింది. అటు కారిడార్‌కూ లేదు.

మిగతావారు పుణ్యాత్ములని నేననడం లేదు. తెలంగాణ తల్లి చీర రంగు మార్చి ఉద్యమాన్ని సొంతం చేసుకున్నాననుకునే కాంగ్రెస్, కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి జేసీబీలు తోలి సుప్రీంకోర్టులో తిట్లు తిన్నది. వారి వంతు వారికి రాస్తాను.

అయ్యా, మళ్లీ గ్రేటర్ ఎన్నికలు వస్తాయి. ఇదే నాయకులు మీ క్లబ్‌హౌస్‌కు వస్తారు, మీ ఊరి చౌరస్తాకూ వస్తారు. కొండాపూర్ సోదరా, నీకు చెప్పిన మాటను ఫోన్‌లో రికార్డు చేసి కరీంనగర్‌లో ఉన్న నీ వాచ్‌మన్ తమ్ముడికి పంపు. కరీంనగర్ తమ్మీ, నీ చౌరస్తా స్పీచ్‌ను కొండాపూర్‌కు పంపు. రెండూ ఒక్కటైతేనే ఓటెయ్యండి.